గట్టు మీద చెప్పిన జోస్యం

మా స్కేటింగ్ రింకు పక్కన ఒక సిమెంటు గట్టు ఉంది. పార్కు కట్టినవాళ్ళు దాన్ని కూర్చోవడానికి కట్టలేదు, లోపలికి వాననీళ్ళు రాకుండా కట్టారు. నీళ్ళు ఆగలేదు గానీ తల్లులు ఆగారు. సాయంత్రం పిల్లలు చక్రాల బూట్లు వేసుకుని లోపల తిరుగుతుంటే, మేం టిఫిన్ డబ్బాలూ నీళ్ళ సీసాలూ ఒళ్ళో పెట్టుకుని ఆ గట్టు మీద వరసగా కూర్చుని వాళ్ళ భవిష్యత్తు తేల్చేస్తుంటాం.

ఇది రేసుల స్కేటింగ్ కాదు. ఫిగర్ స్కేటింగ్. టీవీలో మంచు మీద చేస్తారే, అదే. బెంగళూరులో మంచు ఎక్కడ దొరుకుతుంది, అందుకని నాలుగు చక్రాల బూట్లతో నున్నటి సిమెంటు మీద చేస్తారు. పాటకు తగ్గట్టు కదలాలి, గాలిలోకి లేచి చుట్లు తిరగాలి, ఒంటి కాలి మీద దిగాలి, దిగాక నవ్వాలి. "ఇది డాన్సా, ఆటా?" అని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అడుగుతారు. "మీ అమ్మాయి డాన్సులో తప్పు చేస్తే తల పగులుతుందా? పగలదు కదా. అయితే ఇది ఆటే" అంటాను. నా నోరు అలాంటిది. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చుకున్నదాన్ని. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ఆ విద్యంతా అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనూ ఈ గట్టు మీదా ఖర్చవుతోంది.

రాష్ట్ర పోటీలు అయిపోయి, తర్వాతి సీజన్ ఇంకా మొదలుకాని రోజుల్లో గట్టు మీద జోస్యం నడుస్తుంది. వచ్చే సీజన్‌లో ఎవరు పైకొస్తారు, ఎవరు దిగిపోతారు. తెలియనివాళ్ళు పిల్లల్ని చూసి చెబుతారు. మేం తల్లుల్ని చూసి చెబుతాం. చిన్నపిల్లలు ఎముకల్లో గాలి తప్ప ఏమీ లేనట్టు ఎగురుతారు. తర్వాత ఒక వేసవిలో పొడవొస్తుంది, నడుమొస్తుంది, బరువు చోటు మారుతుంది. నిన్నటిదాకా వచ్చిన జంప్ ఇవాళ రాదు. కొందరికి మళ్ళీ వస్తుంది. ఎక్కువమందికి రాదు. కాబట్టి పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను అని పెద్దలు పెళ్ళిళ్ళకు చెప్పిన మాటను మేం స్కేటింగ్‌కు వాడుకున్నాం. రింకుకు కొత్త తల్లి ఎవరైనా వస్తే ముందు తల నుంచి మడమ దాకా ఒక చూపు చూసి, ఆ తర్వాతే పేరడుగుతాం.

రెండో గుర్తు బూటు. ఈ ఆట బూట్లు గట్టి తోలువి. కాలికి అలవాటు పడటానికే నెలలు పడుతుంది. సీజన్ మధ్యలో పాదం పెరిగి బూటు మార్చాల్సి వచ్చిన పిల్ల ఆ ఏడాదికి లేనట్టే. "బూటు మారితే సీజన్ పోయినట్టే" అని ఎప్పుడో అన్నాను. ఆ మాట గట్టు మీద సామెతైపోయింది. నేను చుట్టుపక్కల లేనప్పుడు కూడా జనం దాన్ని వాడుతున్నారని తెలిసి పొంగిపోయాను.

నా జోస్యం తప్పలేదు, అదే వచ్చిన తంటా. ఒక ఏడాది బంగారు పతకం తెచ్చుకున్న పిల్లను అందరూ ఆకాశానికెత్తుతుంటే, "వాళ్ళమ్మ చెప్పు చూడండి, మా ఆయన చెప్పంత ఉంది. వచ్చే ఏడు ఈ పిల్ల కనబడదు" అన్నాను. కనబడలేదు. ఇప్పుడు బ్యాడ్మింటన్ ఆడుతోందట.

గట్టు మీద నాకు సమానంగా నోరున్నది ఒక్కావిడకే. హొసకోటె నుంచి వస్తుంది. తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. భర్తకు బళేపేటలో హార్డ్‌వేర్ అంగడి. కూతుర్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని, లారీల మధ్య నుంచి ఈదుకుంటూ వచ్చి, మొహం నిండా దుమ్ముతో దిగుతుంది. తనూ పుల్లే, కూతురూ పుల్లే. ఇద్దర్నీ కలిపి తూచినా నా బరువుండరు. మొదటిసారి వచ్చినప్పుడు, "నువ్వు జోస్యం చెప్తావంట కదక్కా, మా పాపది చెప్పు" అంది.

"పాప సంగతి తర్వాత. ముందు నువ్వు నిలబడు, ఇటు తిరుగు."

"ఇదేందక్కా, పెండ్లిచూపులా?" అంటూనే కొంగు దోపుకుని ఒక చుట్టు తిరిగి చూపించింది. గట్టంతా నవ్వింది.

"నీ కూతురు లేస్తుంది" అన్నాను. లేచింది.

ఆ పిల్లదీ మా అమ్మాయిదీ ఒకే వయసు. పోయిన సీజన్ దాకా మా అమ్మాయే ముందుండేది. ఇద్దరూ పద్నాలుగు దాటి పెద్ద విభాగంలోకి వెళుతున్నారు. వానలు తగ్గాక రాష్ట్ర పోటీలకు సెలక్షన్. జంప్‌లకు ఇద్దరిని తీసుకుంటారు, నేల మీద గీసిన వలయాల మీద తిరగడానికి ఇద్దరిని. మా అమ్మాయికి జంప్‌లలో చోటు దొరకాలి. అది తను ఏడేళ్ళప్పుడు గట్టు అంచు పట్టుకుని మొదటిసారి నిలబడినప్పటి నుంచి కోరుకున్నది. తను కోరుకుందో, నేను కోరుకుంటే తను మోసిందో, ఇప్పుడు విడదీయలేను. విడదీయమని నన్నెవరూ అడగొద్దు కూడా.

జోస్యం రోజున గట్టు ఆ చివర నుంచి ఒక్కో పిల్ల సంగతీ తేలుతూ వచ్చింది. ఈమె లేస్తుంది, ఆమె దిగుతుంది, ఇంకొకామె ట్యూషన్ల పాలవుతుంది. మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఎవరో డబ్బా మూత తీసి, "చక్లి తీసుకోండి, మన జంతికలే, వెన్న వేసి చేశాను" అన్నారు. అందరూ చక్లీల మీద పడ్డారు.

"ఆగండి. మా దాని సంగతి చెప్పలేదేం?" అన్నాను.

"చెప్పేదేముందక్కా, బాగా ఆడతాది" అంది హొసకోటె ఆవిడ, చక్లి వైపు చూస్తూ.

"నా దగ్గరే నాటకాలా? సూటిగా చెప్పు."

"నువ్వే కదక్కా చెప్తివి, తల్లిని చూసి చెప్పల్లని. నీ పక్కన నిలబడితే నేను నీ చంకబిడ్డ మాదిరి ఉండాను. పాప ఈ ఎండాకాలంలోనే నీ భుజం దాటింది. నా నోట యాల చెప్పిస్తావు?"

నేను నేర్పిన విద్యే. నా పొడవు, నా నడుము, నా చెప్పు సైజు, అన్నీ నా కళ్ళ ముందే నా కూతురికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాయి. చక్లి తీసుకున్నాను.

నిజానికి వాళ్ళు చెప్పక ముందే నాకు తెలుసు. మా అమ్మాయికి డబుల్ పోయింది. గాలిలో రెండు చుట్లు తిరిగి దిగడాన్ని మేం డబుల్ అంటాం. సరిగ్గా దిగితే టక్‌మని ఒక్క చప్పుడు. లేకపోతే చక్రాలన్నీ నేలను గీరిన చప్పుడు, వెనకే తొడ నేలకు తగిలిన చప్పుడు. నేను తల వంచుకుని కూర్చుని కూడా చెప్పగలిగేదాన్ని. సాయంత్రమంతా గీరుడే. లేస్తుంది, దుమ్ము దులుపుకుంటుంది, మళ్ళీ వెళుతుంది, మళ్ళీ గీరుడు. నా వైపు మాత్రం చూడదు.

ఆ నెలల్లో నేను చేసినవి చెబితే చదువుకున్నదానివేనా అంటారు. మడమలకు నువ్వుల నూనె మర్దనా చేస్తానని వెంటపడ్డాను, కాలు తాకనివ్వలేదు. వంటింట్లో ఫ్రిజ్ పక్క నుంచి తను నడిచినప్పుడల్లా తల ఎక్కడిదాకా వచ్చిందో కంటితో కొలిచేదాన్ని. గట్టు మీద వీపు వంచి కూర్చోవడం మొదలుపెట్టాను, నా పొడవు దాచేస్తే తన పొడవు ఆగిపోతుందన్నట్టు. పొద్దున దీపం పెట్టేటప్పుడు, ఇంక ఒక్క అంగుళం కూడా ఇవ్వకు స్వామీ అని మొక్కుకున్నాను. కన్నబిడ్డ ఎదగకూడదని ఏ తల్లయినా మొక్కుకుంటుందా? రింకు పక్క కూర్చున్న తల్లి మొక్కుకుంటుంది.

కోచ్ సార్‌ను పట్టుకున్నాను. ఆయన కన్నడిగుడు, మాతో మాట్లాడీ మాట్లాడీ తెలుగొచ్చింది.

"మేడం, బాడీ చేంజ్ అవుతా ఉంది. స్వల్ప టైమ్ ఇవ్వండి. ఈ సెలక్షన్‌కి జంప్స్ వద్దు, సర్కిల్స్‌కి వేద్దాం."

సర్కిల్స్ అంటే నేల మీద తెల్లరంగుతో గీసిన పెద్ద వలయాలు. ఒంటి కాలి మీద ఆ గీత తప్పకుండా తిరిగి రావాలి. పాట ఉండదు, చప్పట్లుండవు. జడ్జీలు వెనకే నడుస్తూ చక్రాలు గీత మీద ఉన్నాయా లేదా చూస్తారు.

"ఇది రిటైరైనవాళ్ళను వాకింగ్ చేసుకోమన్నట్టుంది సార్" అన్నాను.

"వాకింగ్ మంచిదే కదా మేడం."

"అయితే మీరు చేయండి. నా కూతురు జంప్‌లకే వెళుతుంది."

ఆయన ఈల నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాతో వాదన తెగకపోతే అందరూ ఏదో ఒకటి నోట్లో పెట్టుకుని వెళ్ళిపోతారు.

మా ఆయన జిగణిలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. ఇంటికి వచ్చి షూ విప్పుతూ నా గోడు విని, "మీ గట్టుకు అంత జోస్యం తెలిస్తే వాన ఎప్పుడు పడుతుందో చెప్పమనవే, బట్టలన్నా ఆరేసుకుందాం" అన్నాడు. ఆ రోజు ఆయనకు పెరుగు వేయలేదు.

వాన గురించి ఆయన అన్నది పక్కన పెడితే, సంగతి బయటపడింది వాన వల్లే.

వాన వెలిస్తే రింకు ఆరబెట్టడానికి మాకో పద్ధతుంది. తల్లులం రబ్బరు వైపర్లతో నీళ్ళు తోసేస్తాం. ఆ తర్వాత ఇళ్ళ నుంచి తెచ్చిన పాత నూలు చీరలు నేల మీద పరుస్తాం. పిల్లలు బూట్లు విప్పేసి, ఉత్తకాళ్ళతో చీర మీద ఇద్దరిద్దరు నిలబడి, కాళ్ళు ఈడుస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు వస్తారు. చీర తడి పీల్చుకుంటుంది. పిల్లలకు అదే పెద్ద ఆట, కోచింగ్ కన్నా అదే ఇష్టం. మా అమ్మాయి చిన్నప్పుడు నా పెళ్ళినాటి నూలుచీర మీద నిలబడి రింకంతా ఈదేది.

ఆ సాయంత్రం పిల్లలందరూ చీరల మీద కేకలు పెడుతుంటే తను మాత్రం బూట్లతోనే గట్టు చివర కూర్చుంది. పోయినసారీ అంతే, తలనొప్పంది. అంతకుముందు ఫోన్ మాట్లాడాలంది. నాకు తిక్క రేగింది.

"ఏం మహారాణీ, నీ కాళ్ళు తడుస్తాయా? ఊళ్ళోవాళ్ళ పిల్లలు నేల తుడిస్తే నువ్వొచ్చి ఎగురుతావా?"

"సీన్ చేయకమ్మా, ప్లీజ్."

"నేను నోరు తెరిస్తే సీను. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే మర్యాదా? విప్పు."

విప్పలేదు. వంగి, తన కాలు లాగి ఒళ్ళో పెట్టుకుని లేసులు నేనే ఊడదీశాను. ఏడేళ్ళప్పటి నుంచి ఆ లేసులు కట్టిందీ విప్పిందీ నేనే. పోయిన సీజన్ అయ్యాక, నేనే కట్టుకుంటాను, పెద్దదాన్నయ్యాను అంది. ఆ మాట గట్టు మీద గొప్పగా చెప్పుకున్నాను.

బూటు రాలేదు. మడమ పట్టి తిప్పితే గానీ ఊడలేదు. అంత లాగినా పిల్ల కిక్కురుమనలేదు. అప్పుడే నా చేతులకు భయమేసింది.

లోపల సాక్సు లేదు. బూటు అడుగున ఉండాల్సిన మెత్త లేదు, ఎప్పుడో పీకేసింది. పాదానికి చోటు చాలడానికి. వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లగా ఉంది. పక్కదాని గోరు సగం లేచి, కింద మాంసం కనబడుతోంది. చీరల మీద పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఎప్పట్నుంచే?"

"లాస్ట్ సీజన్ అయినప్పట్నుంచి."

"చెప్పడానికి నోరు లేదా? నా కడుపున పుట్టినదానివేనా నువ్వు?"

"చెప్తే కొత్తవి కొంటావు. బూటు మారితే సీజన్ పోయినట్టే అంటావు." తను ఏడవడం లేదు, మామూలుగా చెబుతోంది. "నువ్వు పోతుందన్నవాళ్ళెవరూ మళ్ళీ రాలేదమ్మా."

నా దగ్గర జవాబుంది. నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఒసే పిచ్చిదానా, ఆ మాట ఊళ్ళోవాళ్ళ పిల్లల గురించి, నీ గురించి కాదు. అయినా బూటు మారితే పోయేది సీజనే, కాలు కాదు. అయినా ఇంతమంది తల్లులు ఆ మాట అంటుంటే నన్నొక్కదాన్నే అంటావేం. అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. కానీ తన పాదం నా అరచేతిలో ఉంది, వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. దానితో ఏం వాదించను?

హొసకోటె ఆవిడ వైపర్ పక్కన పడేసి వచ్చింది. "ముందు బిడ్డ కాళ్ళు చూడక్కా. జగడం యాడికీ పోదు" అంటూ నా ఒళ్ళోంచి రెండో కాలు అందుకుని మెల్లగా విప్పింది. ఆ బూటూ అంతే.

డాక్టరు గోళ్ళు మళ్ళీ వస్తాయన్నాడు. ఎముకలకేం కాలేదు, పుండ్లు ఆరేదాకా బూటు ముట్టుకోవద్దు, జంప్‌లు చాలాకాలం మరిచిపోండి అన్నాడు. మా ఆయన జిగణి నుంచి వచ్చి, కూతురి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, "బూటు చిన్నదైతే పెద్దది కొంటారు కదే. ఇంట్లో ఇంతమందిమి ఉండి..." అని ఆగిపోయాడు.

పుండ్లు ఆరేసరికి సెలక్షన్ ముంచుకొచ్చింది. కొత్త బూట్లు చేయించే వ్యవధి లేదు. వచ్చినా కాలికి అలవాటు కావు. ఈ ఏడాదికి వదిలేద్దామంటే పిల్ల తిండి మానేసి గోడకు తిరిగి పడుకుంది. చివరికి నేనే సార్ దగ్గరికి వెళ్ళి, నేను వెక్కిరించిన ఆ వలయాలకే పేరు రాయమన్నాను. ఆయన వాకింగ్ మాట ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

బూట్లు హొసకోటె నుంచే వచ్చాయి. "మా అక్క కూతురివి, వాడి మెత్తబడినవి, అటక మీద ఉండె. కొంచెం పెద్దవే. ముందర దూది కూరుకో."

"నీ కూతురికి పోటీ తయారుచేస్తున్నావు, ఆలోచించుకున్నావా?" అన్నాను. కృతజ్ఞత నా నోట్లో అలాగే తయారవుతుంది.

"మా పాపది జంపు, మీ పాపది సర్కిలు. పోటీ యాడుంది? ఉన్నా ఏమి? మా పాప లేస్తాదని నువ్వే చెప్తివి కదా. నీ జోస్యం తప్పదు కదక్కా, నాకు భయమేల?"

మా అమ్మాయి వలయాలు నేర్చుకుంది. పళ్ళు బిగించి, ఎవరితోనూ మాట్లాడకుండా, అద్దె ఇంట్లో ఉన్నట్టు ఆ పెద్ద బూట్లలో పాదాలు పెట్టుకుని, గీత మీద గంటలకొద్దీ తిరిగింది. చప్పుడే లేదు. నెలల తరబడి గీరుడు విన్న నా చెవులకు ఆ నిశ్శబ్దం మంచిదో చెడ్డదో తెలియలేదు.

సెలక్షన్ రోజు హొసకోటె పిల్ల డబుల్ టక్‌మని దిగింది. చోటు దొరికింది. వాళ్ళమ్మ దుమ్ము మొహంతో ఏడ్చింది. నేను చప్పట్లు కొట్టాను, గట్టిగానే. తర్వాత మా అమ్మాయి తెల్లగీత మొదట్లో నిలబడింది. జడ్జీలు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి వలయం గీత మీద గీత పెట్టినట్టు వచ్చింది. వీపు వంచి కూర్చున్నాను, అలవాటైపోయింది. రెండో వలయం సగంలో బూటు లోపల పాదం జారింది. అది ఎవరికీ కనబడదు. ఇన్నేళ్ళూ ఆ కాలికి లేసులు కట్టినదాన్ని కాబట్టి నాకు కనబడింది. చీలమండ అటు ఒరిగింది, ఇటు ఒరిగింది, గాలిలో ఉన్న రెండో కాలు వచ్చి నేలను తాకింది. అంతే. తాకి వెంటనే లేచింది. కానీ తాకింది. జడ్జీలు రాసుకున్నారు. మిగతా వలయం కూడా పూర్తిచేసి, చివర్లో ఎవరూ అడగకపోయినా నవ్వింది. జంప్‌ల అలవాటు.

ఇద్దరిని తీసుకున్నారు. మా అమ్మాయి ఆ ఇద్దరిలో లేదు.

ఈసారి రాష్ట్ర పోటీలు అయ్యేదాకా ఆగకుండా, తర్వాతి వారమే గట్టు మీద మళ్ళీ జోస్యం మొదలైంది. ఎవరూ నా వైపు చూడలేదు. మా అమ్మాయి ఉత్తకాళ్ళతో వచ్చి నా పక్కనే కూర్చుంది, చక్లి ఒకటి తీసుకుంది, అందరూ వింటుండగా అడిగింది: "నా సంగతి చెప్పమ్మా. వచ్చే సీజన్?"

అబద్ధం చెప్పొచ్చు. వేరే తల్లి అయితే చెప్పేది. తన మోకాళ్ళ వైపు చూశాను, నా మోకాళ్ళ వైపు చూసుకున్నాను.

"వచ్చే సీజన్ కూడా దిగిపోతావు" అన్నాను. "ఇంకా పెరుగుతావు."

"ఛీ, ఏం తల్లివక్కా నువ్వు" అంది హొసకోటె ఆవిడ.

మా అమ్మాయి చక్లి కొరికింది. "ఆ తర్వాతి సీజన్?"

"అంతదూరం నాకు కనబడదు."

"అయితే బూట్లు పెద్దవే చేయించు" అంది.

కొత్త బూట్లకు కొలత పంపాలంటే తెల్లకాగితం మీద పాదం పెట్టి, బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబడాలి, చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. మర్నాడు హాల్లో కాగితం పరిచి నేల మీద కూర్చున్నాను. తను నా తల మీద చెయ్యి ఆనించి నిలబడింది. మడమ నుంచి మొదలుపెట్టి పక్కగా గీసుకుంటూ వేళ్ళ దాకా వచ్చాను.

"వేళ్ళు చాపవే, సరిగ్గా."

"చాపే ఉన్నానమ్మా."

చాపి లేవు. బొటనవేలు తప్ప అన్నీ కిందికి వంగి ఉన్నాయి. నా చేతి బొటనవేలితో ఒక్కోదాన్ని మెల్లగా నొక్కి సాపు చేశాను. చెయ్యి తీయగానే మళ్ళీ ముడుచుకున్నాయి, ఇంకా ఆ బూటులోనే ఉన్నట్టు. పైన తను, "ఐపోయిందా?" అంటోంది. పెన్సిల్ ఎత్తి, ఆ వేళ్ళు చాపితే ఎక్కడిదాకా వచ్చేవో అక్కడ పెట్టి, ఖాళీ కాగితం మీద గీశాను.